వేషం వేసినవాణ్ని వదిలేయండి, జేబు కొట్టినవాణ్ని పట్టుకోండి

ఢిల్లీలో ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖలో వెబ్‌సైట్లు ఆపేయమని ఉత్తర్వులు రాసే అధికారులకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సైబర్ క్రైమ్ పోలీసులకు,

నమస్కారం సార్, నమస్కారం మేడమ్.

నేనొక ప్రభుత్వ వెబ్‌సైట్ పెట్టబోతున్నాను. కంగారు పడకండి, ఉన్న శాఖ పేరుతో కాదు, లేని శాఖ పేరుతో. దాని పేరు నిరీక్షణ శాఖ. పెట్టాక మీరు నోటీసు పంపడం, నేను లాయర్ కోసం తిరగడం, మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరో నా ఫొటో పెట్టి దేశద్రోహి అనడం, ఇదంతా ఎందుకని ముందే చెప్పేస్తున్నాను. చెప్పి చేస్తే నేరం తగ్గుతుందో లేదో తెలియదు గానీ, నేను చెప్పకుండా చేశానని మాత్రం మీరు అనలేరు.

నాది నెట్ సెంటర్. ఆంధ్రాలో సరిహద్దు దగ్గర ఊరు కాబట్టి రెండు రాష్ట్రాల సైట్లూ తెరవాల్సి వస్తుంది. అడంగల్, 1బీ ప్రింట్లు, పాస్‌పోర్టు అప్లికేషన్లు, కౌన్సెలింగ్ ఆప్షన్లు, తిరుమల దర్శనం టికెట్లు, అవతల తెలంగాణలో భూమి ఉన్నవాళ్లకు నిన్నటిదాకా ధరణి, ఇప్పుడు భూ భారతి. ప్రభుత్వ వెబ్‌సైట్లను నా అంత శ్రద్ధగా, నా అంత కోపంగా చూసేవాళ్లు మీ శాఖలో కూడా ఉండరని నా నమ్మకం. ఆ కోపంలోంచే నిరీక్షణ శాఖ పుట్టింది.

శాఖ లోగో తయారైంది. నాలుగు ఖాళీ కుర్చీలు వీపుకు వీపు ఆనించి ఉంటాయి, వాటిలో మూడే కనపడతాయి, అధికారి కూర్చునే నాలుగోది వెనక ఉంటుంది. సింహాలు లేవు, చూసుకోండి. జాతీయ చిహ్నం దుర్వినియోగం చేస్తే 2005 నాటి చట్టం కింద రెండేళ్ల దాకా జైలు అని చదివాను, అందుకే కుర్చీలతో సరిపెట్టుకున్నాను. కుర్చీల కింద శాఖ నినాదం, ఒకప్పుడు మన పల్లెల్లో దయ్యం రాకుండా తలుపుల మీద రాసుకున్నదే: "రేపు రా".

పేజీ తెరవగానే పైన బ్యానర్‌లో ముగ్గురు నాయకుల ఫొటోలు. ముగ్గురికీ మొహాలు ఉండవు, కింద "ఎన్నికల తర్వాత అతికించబడును" అని ఉంటుంది. దాని కింద ఎర్ర అక్షరాలు కుడి నుంచి ఎడమకు పాకుతూ ఉంటాయి, పక్కన "కొత్త" అని మెరుస్తున్న గుర్తుతో, 2016 నాటి సర్క్యులర్. టెండర్ల పేజీలో ఒకటే టెండర్: పథకాల పేర్లు మార్చే స్టిక్కర్ల సరఫరా, ఐదేళ్లు మాత్రమే అంటుకుని ఉండాలి, ఆరో ఏడు కూడా ఊడకపోతే కాంట్రాక్టర్‌ని బ్లాక్‌లిస్టులో పెడతారు. పింఛన్ పథకం ఎన్‌టీఆర్ భరోసా నుంచి వైఎస్సార్ పెన్షన్ కానుకకు, మళ్లీ ఎన్‌టీఆర్ భరోసాకు తిరిగి వచ్చినప్పుడు మా షాపులో బోర్డు రెండుసార్లు మార్చుకున్నాను, ఆ ఖర్చు ఈ పేజీతో వసూలు చేసుకుంటున్నానని అనుకోండి.

ముఖ్యమైన సేవ నిరీక్షణ ధ్రువీకరణ పత్రం. ఫలానా వ్యక్తి ఫలానా ఆఫీసు వరండాలో ఇంతకాలం వేచి ఉన్నారని శాఖ ఇచ్చే సర్టిఫికెట్. దీనికి అప్లై చేయాలంటే ఫొటో 50 కేబీ కంటే తక్కువా 100 కేబీ కంటే ఎక్కువా ఉండాలి, పోయినసారి తీసుకున్న నిరీక్షణ ధ్రువీకరణ పత్రం జత చేయాలి, మొదటిసారి అప్లై చేసేవాళ్లు రెండోసారి రావాలి. స్లాట్ బుకింగ్ క్యాలెండర్‌లో నిన్నటి తేదీ ఒక్కటే పచ్చగా ఉంటుంది. క్యాప్చాలో తొమ్మిది బొమ్మలు చూపించి పనిచేస్తున్న సర్వర్లు ఉన్న గళ్లు ఎంచుకోమంటుంది, ఒక్కటి ఎంచుకున్నా "మీరు మనిషి కాదు, మంత్రిగారి పీఆర్వో" అని వస్తుంది. ఇక ఫిర్యాదుల పేజీ, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. మీరు మొదటి అక్షరం కొట్టగానే "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మీరు సంతృప్తి చెందారు, ఐదు నక్షత్రాలు ఇచ్చినందుకు ధన్యవాదాలు" అని మెసేజ్ వస్తుంది. ఇది నా కల్పన అని మీరు అనుకుంటే, ఒక్కసారి మా షాపుకు వచ్చి కూర్చోండి, అసలు సైట్లలో ఫిర్యాదు పెట్టినవాళ్ల ఫోన్లు చూపిస్తాను. నేను కల్పించింది నక్షత్రాలు ఒక్కటే.

ప్రతి పేజీ పైనా కిందా పసుపు రంగు పట్టీలో పెద్ద అక్షరాలతో ఇలా ఉంటుంది: ఇది ప్రభుత్వ వెబ్‌సైట్ కాదు, వ్యంగ్యం. ఈ సైట్ డబ్బు అడగదు, ఓటీపీ అడగదు, ఆధార్ అడగదు, ఫోన్ నంబరు కూడా అడగదు.

మీకు రాయాల్సింది ఆ పట్టీ గురించే. ప్రభుత్వ సైట్‌లా కనపడే సైట్ ఏది మీ కళ్లబడినా, అది చూడ్డానికి ఎలా ఉంది అని కాక, వచ్చినవాడి దగ్గర ఏం తీసుకుంటోంది అని ముందు చూడండి. అసలు సైట్‌లా కనపడకపోతే అది వ్యంగ్యమే కాదు కదా. పోలీసు వేషం వేసినవాడు లుంగీ కట్టుకుని వస్తే ఎవరు నవ్వుతారు?

మా షాపుకు వచ్చేవాళ్లని నిజంగా ముంచేస్తున్న సైట్లు వేరే ఉన్నాయి, వాటిలో ఒక్క జోకు కూడా ఉండదు. తిరుమల సంగతే తీసుకుందాం. మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు నెలల ముందు వదులుతారు, చూస్తుండగానే అయిపోతాయి. దొరకనివాళ్లు గూగుల్‌లో వెతుకుతారు, పైన ఏది కనపడితే అది నొక్కుతారు. దేవస్థానం సైట్ చిరునామాలో చుక్కలు ఉన్నచోట అడ్డగీతలు పెట్టి, చివర్న డాట్ ఇన్ బదులు డాట్ ఓఆర్‌జీ తగిలించి, రంగులతో సహా దింపేసి ఒక నకిలీ సైట్ నడిపారు. 2023లో దాని మీద కేసు పెట్టినప్పుడు అప్పటికే 40 నకిలీ సైట్ల మీద కేసులున్నాయి, అది 41వది అని దేవస్థానం వాళ్లే ప్రకటించారు. అలాంటి ఒక దాంట్లో డబ్బు కట్టి, ప్రింట్ తీసి ఇమ్మని నా దగ్గరకు వచ్చినాయన్ని నేనే చూశాను. కుటుంబం మొత్తానికి కట్టాడు. టికెట్ మీద స్వామివారి బొమ్మ ఉంది, బార్‌కోడ్ ఉంది, పేర్లు కూడా తప్పుల్లేకుండా ఉన్నాయి, దర్శనం ఒక్కటే లేదు. ఆయనకి ఆ మాట చెప్పడం నా వల్ల కాలేదు, పక్కన ఇంకో కస్టమర్ చెప్పాడు.

ఆయన్ని ఏమని తప్పుపట్టగలం? అదే దేవస్థానం సేవల సైట్ ఒకప్పుడు డాట్ కామ్‌తో ఉండేది, తర్వాత తిరుపతి బాలాజీ పేరుతో ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్‌కి మారింది, ఆ తర్వాత ఇంకో పేరుకు మారింది. జీఓవీ డాట్ ఇన్ అనే తోక ప్రభుత్వానికి తప్ప ఎవరికీ ఇవ్వరు, ఇచ్చే ఎన్ఐసీ మీ ఐటీ శాఖ కిందే ఉంది, అంటే అసలుకీ నకిలీకీ తేడా చెప్పే తాళం మీ చేతిలోనే ఉంది. కానీ మా ఆర్టీసీ టికెట్ సైట్ ఉత్త డాట్ ఇన్, తెలంగాణ ఆర్టీసీది కూడా అంతే, రైలు టికెట్లది డాట్ కో డాట్ ఇన్. ఇవన్నీ అసలువే. కాబట్టి "ఆ తోక లేనిదంతా నకిలీ" అని నా కస్టమర్లకి ఒక్క ముక్కలో చెప్పలేను. పాస్‌పోర్టు సైట్‌లో అయితే నకిలీ సైట్ల పేర్లు రాసి జాగ్రత్త అని హెచ్చరిక పెట్టారు. మంచిదే. కానీ ఆ హెచ్చరిక చదవాలంటే ముందు అసలు సైట్‌కి చేరాలి కదా సార్.

ఇక వాట్సాప్‌లో వచ్చే ట్రాఫిక్ చలానా ఏపీకే ఫైళ్ల (నొక్కితే ఫోన్లో యాప్‌గా దిగేవి) గురించి పోలీసువాళ్లకి నేను చెప్పక్కర్లేదు. నొక్కినవాడి ఫోను మొత్తం వాళ్ల చేతికి వెళ్తుంది, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేలోపు ఖాతా ఖాళీ. ఈ పనులు చేసేవాళ్లు అడ్రస్ పెట్టరు, పేరు పెట్టరు, పట్టీ పెట్టరు. వ్యంగ్యం రాసేవాడు పేరు పెట్టుకుంటాడు, ఫోన్ ఎత్తుతాడు, అడిగితే నేనే రాశానని గర్వంగా ఒప్పుకుంటాడు. అందుకే పట్టుకోవడం తేలిక. ఎవరు తేలిగ్గా దొరికితే వాళ్ల మీదే కేసు పడుతోందేమోనని నా అనుమానం.

ఈ గొడవ మన ఒక్కరిదే కాదు. 2004లో బ్రిటన్ ప్రభుత్వం ఉగ్రదాడుల్లాంటి పెద్ద ఆపదలు వస్తే ఏం చేయాలో చెప్తూ ఇంటింటికీ ఒక కరపత్రం పంచి, దానికో వెబ్‌సైట్ పెట్టింది. చివర డాట్ జీఓవీ డాట్ యూకే. టామ్ స్కాట్ అనే కాలేజీ కుర్రాడు, తర్వాత యూట్యూబ్‌లో పెద్ద పేరు తెచ్చుకున్నాడు లెండి, అదే పేరుకి డాట్ కో డాట్ యూకే ఖాళీగా ఉందని గమనించి కొనేసి, అచ్చం అలాంటి పేజీయే తయారుచేసి అందులో జాంబీలు దాడి చేస్తే ఏం చేయాలి, గ్రహాంతరవాసులు దిగితే ఏం చేయాలి అని సలహాలు పెట్టాడు. అక్కడి క్యాబినెట్ ఆఫీసు నుంచి సైట్ తీసెయ్యమని ఉత్తరం వచ్చింది. తియ్యనని అతను మర్యాదగా జవాబు రాశాడు. కథ అంతే. ఎవరూ తలుపు కొట్టలేదు, ఎవరూ లాప్‌టాప్ పట్టుకుపోలేదు. తియ్యమన్న ఉత్తరం వార్త అయ్యాక ఆ పేజీ చూసినవాళ్లు ఇంకా పెరిగారు. మీకు పనికొచ్చే పాఠం అందులోనే ఉంది, ఒకవేళ జాలి మీద కాకపోయినా లెక్క మీదైనా మమ్మల్ని వదిలేయండి.

ఆస్ట్రేలియాలో 2006లో కాస్త వేరుగా జరిగింది. అప్పటి ప్రధాని జాన్ హోవర్డ్ సైట్‌ని పోలినది ఒకటి రిచర్డ్ నెవిల్ అనే రచయిత పెట్టాడు, అందులో ఇరాక్ యుద్ధానికి క్షమాపణ చెప్తున్నట్టు ప్రధాని ప్రసంగం. డొమైన్ అమ్మిన కంపెనీకి ప్రభుత్వం నుంచి ఫోన్ వెళ్లింది, సైట్ మాయమైంది. కోర్టు లేదు, నోటీసు లేదు. ఒక ఫోన్.

కెనడా వాళ్లది అన్నిటికంటే తమాషా. 2009 డిసెంబరులో కోపెన్‌హేగన్‌లో వాతావరణ సదస్సు జరుగుతుండగా యెస్ మెన్ అనే బృందం కెనడా పర్యావరణ శాఖ సైట్‌ని పోలిన సైట్లు పెట్టి, కర్బన ఉద్గారాలను 2020 కల్లా 1990 స్థాయి కంటే 40 శాతం తగ్గిస్తామని ఆ దేశం మాట ఇచ్చినట్టు ప్రకటన వదిలింది. అసలు కెనడా ఒప్పుకున్నది అందులో చిన్న వంతు. ప్రపంచం కొంతసేపు నమ్మింది, కెనడా మంచిపని చేసిందనే వార్త అబద్ధమని ఖండించుకోవాల్సిన దుస్థితి కెనడా ప్రభుత్వానికే పట్టింది. అంతటితో ఆగినా పరువు కొంత మిగిలేది. ఆ శాఖ వాళ్లు సైట్లు నడుస్తున్న జర్మనీ కంపెనీకి తియ్యమని రాశారు, ఆ కంపెనీ భయపడి మొత్తం ఒక ఐపీ అడ్రసుల వరసనే ఆపేసింది, సంబంధం లేని 4,500 సైట్లు దాంతోపాటు ఆగిపోయాయి. వాటిలో నాలాంటి చిన్న వ్యాపారుల సైట్లు ఎన్ని ఉన్నాయో. ఉత్తర్వు రాసేటప్పుడు చెయ్యి కాస్త అదిరితే అవతల ఏమవుతుందో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

దొరికింది, ఇక్కడే ఉంది. 2025 ఫిబ్రవరిలో వికటన్ అనే తమిళ పత్రిక, దాదాపు వందేళ్ల నాటిది, ట్రంప్ పక్కన మోదీ సంకెళ్లతో కూర్చున్నట్టు ఒక కార్టూన్ వేసింది. ఒక్క కార్టూన్. ఆగిపోయింది మాత్రం వెబ్‌సైట్ మొత్తం. మార్చి 6న మద్రాసు హైకోర్టు, కార్టూన్‌ని తాత్కాలికంగా తీసేస్తే సైట్ తెరవమని చెప్పేదాకా అలాగే ఉంది. వంటల పేజీ ఏం నేరం చేసిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇంకాస్త వెనక్కి వెళ్తే 2011 డిసెంబరులో ముంబయి పోలీసులు అసీమ్ త్రివేది కార్టూన్ల వెబ్‌సైట్‌ని ఆపించారు, మరుసటి ఏడు సెప్టెంబరులో అతన్ని అరెస్టు చేశారు. జాతీయ చిహ్నంలో సింహాల బదులు తోడేళ్లు గీశాడు, కింద "భ్రష్టమేవ జయతే" అని రాశాడు. దానికి రాజద్రోహం సెక్షన్, తర్వాత అది వాళ్లే వెనక్కి తీసుకున్నారు. అదే 2012 ఆగస్టులో ప్రధాని కార్యాలయం పేరును పోలిన ఆరు ట్విటర్ ఖాతాలు తీసెయ్యమని కేంద్రం అడిగింది. అప్పుడు ఉన్న ప్రభుత్వం వేరు, ఇప్పుడు ఉన్నది వేరు, చిరాకు మాత్రం ఒకటే. మా రాష్ట్రంలో కూడా 2017లో శాసనమండలి మీద వ్యంగ్యంగా పోస్టులు పెట్టినందుకు ఒక ఫేస్‌బుక్ పేజీ నడిపేవాణ్ని అరెస్టు చేశారు. 2020లో విశాఖ గ్యాస్ లీకు మీద పోస్టు షేర్ చేసినందుకు గుంటూరులో అరవై దాటిన ఒకావిడకి సీఐడీ నోటీసు ఇచ్చింది. ఆ రెండు ఏళ్లలో అధికారంలో ఎవరున్నారో మీకు తెలుసు, ఒకరు కాదు. 2025లో తెలంగాణలో ముఖ్యమంత్రిని తిట్టిన వీడియో ప్రసారం చేశారని ఇద్దరు మహిళా జర్నలిస్టులను తెల్లవారకముందే తీసుకెళ్లారు. ఇక్కడ బూతులున్నాయి కదా అంటారా, ఉన్నాయి, ఆ భాష నాకూ నచ్చలేదు, అయినా తెల్లవారుజామున ఎందుకు సార్, పది గంటలకి నోటీసు ఇస్తే వాళ్లు పారిపోతారా?

ఇదంతా ఇంగ్లీషు చదువులతో వచ్చిన అలవాటని ఎవరైనా అంటే వాళ్లకి సిద్ధవటం సంగతి గుర్తుచేయాలి. మాచుపల్లి కైఫియత్ అనే పాత స్థానిక చరిత్రలో ఉంది. సిద్ధవటం సీమని ఏలుతున్న సమ్మెట గురవరాజు డబ్బు రాబట్టడానికి ఆడవాళ్లని కూడా హింసలు పెట్టేవాడు. ఆ దారిన పోతున్న కూచిపూడి భాగవతులు అది కళ్లారా చూసి విజయనగరం వెళ్లారు, వీరనరసింహరాయల ముందు ప్రదర్శన ఇచ్చే అవకాశం దొరికితే ఒకడు గురవరాజు వేషం కట్టాడు, ఇంకొకడు అతని భటుడు, మరొకడు హింస పడే ఆడమనిషి, ఏం జరుగుతోందో అచ్చంగా అలాగే ఆడి చూపించారు. రాయలు ఆరా తీసి, సైన్యాన్ని పంపి గురవరాజుని పట్టించి శిక్షించాడు. అధికారి వేషం వేసినవాణ్ని కాదు, ఆ వేషంలో కనపడ్డవాణ్ని. ఐదు వందల ఏళ్ల కిందటి మాట ఇది. రాజుగారికి సైట్లు ఆపే అధికారం ఇచ్చే ఐటీ చట్టం 69ఏ సెక్షన్ లేదు కాబట్టి అలా చేశాడేమో.

సరే, మీ వైపు నుంచి కూడా ఆలోచిస్తాను, ఎందుకంటే అన్ని పోలికలూ నవ్వుకోవడానికి పనికిరావు. వాన పడితే చాలు, జిల్లా కలెక్టర్ రేపు బడులకు సెలవు ప్రకటించారని అచ్చం లెటర్‌హెడ్ మీద ఒక కాగితం తిరుగుతుంది. అందులో డబ్బు లేదు, ఓటీపీ లేదు, కానీ నమ్మి పిల్లల్ని ఆపేసినవాళ్లు ఉన్నారు, రేపు తుపాను హెచ్చరిక మీద అలాంటిదే పుడితే ప్రాణాలు పోతాయి. పరీక్ష ఫలితాలు, పోలింగ్ తేదీ, డ్యాము గేట్లు, వీటి మీద అసలుదని భ్రమపెట్టే సైట్ పెట్టినవాడు వ్యంగ్యం అని తప్పించుకోకూడదు. చదివినవాడు నవ్వకుండా నమ్మేసి ఏదో పని చేసేస్తే, అక్కడ వ్యంగ్యం ఓడిపోయినట్టే, రాసినవాడే వెంటనే సరిదిద్దాలి. కెనడా సైట్ విషయంలో కూడా నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, కొన్ని గంటలు నిజమని నమ్మినవాళ్లలో వరదల్లో మునిగే చిన్న దేశాలవాళ్లు కూడా ఉండి ఉంటారు కదా అని. అయినా దానికి మందు ఖండన, గట్టిగా అయితే ఆ ఒక్క పేజీ మీద చర్య. 4,500 సైట్లు కాదు.

మరి ఏది ఏదో ఎవరు తేలుస్తారు? మేమే తేలుస్తాం అని మీ శాఖ 2023లో ఒక రూలు తెచ్చింది, ప్రభుత్వం గురించి వచ్చిన సమాచారంలో ఏది నకిలీ, ఏది అబద్ధం, ఏది తప్పుదోవ పట్టించేది అని ప్రభుత్వపు ఫ్యాక్ట్ చెక్ విభాగమే తేల్చేలా. కమెడియన్ కునాల్ కామ్రా కోర్టుకెళ్లాడు, ఇద్దరు జడ్జీలు చెరో తీర్పు ఇచ్చారు, మూడో జడ్జి 2024 సెప్టెంబరు 20న తేల్చాక బొంబాయి హైకోర్టులో ఆ రూలు పోయింది. పోవాల్సిందే. నిరీక్షణ శాఖలో చెప్పిన ప్రతి మాటా నకిలీయే, ప్రతి మాటా అబద్ధమే, అందుకే అది ఎవరినీ తప్పుదోవ పట్టించదు. ఈ ముక్క ఫ్యాక్ట్ చెక్ చేసేవాళ్లకి ఎలా చెప్పాలి? నా శాఖ ఇచ్చే సర్టిఫికెట్ పక్కన ఎర్రగా "అబద్ధం" అని ముద్ర కొడితే దాన్ని కూడా తెచ్చి హోం పేజీలో పెట్టుకుంటాను.

నాకు కావాల్సినవి పెద్దవేం కావు, ఇప్పటికే పుస్తకాల్లో ఉన్నవే. 2009 నాటి బ్లాకింగ్ నిబంధనల్లో ఆ సమాచారం పెట్టిన మనిషిని గానీ, దాన్ని ఉంచిన కంపెనీని గానీ వెతికి నోటీసు ఇవ్వాలని ఉంది, అత్యవసరం అయితే తప్ప. 2015లో సుప్రీంకోర్టు ఆన్‌లైన్ రాతల మీద కేసులు పెట్టే 66ఏ సెక్షన్ కొట్టేసి 69ఏని ఉంచిందంటే, రాతపూర్వకంగా కారణాలు రాయాలి, అవతలివాడి మాట వినాలి అనే రక్షణలు అందులో ఉన్నాయనే కదా. మా పేరూ మెయిలూ సైట్ అడుగునే ఉంటే, డొమైన్ కంపెనీకి ముందు, మాకు తర్వాత కాదు, కనీసం ఇద్దరికీ ఒకేసారి రాయండి. కారణం ఏమిటో రాయండి. రహస్యం అనే నిబంధన వెనక దాక్కుంటే మేం కోర్టులో దేన్ని సవాలు చేయాలి? ఇప్పుడు సహయోగ్ పోర్టల్ వచ్చాక తీసేయమనే నోటీసులు అక్కడి నుంచి నేరుగా కంపెనీలకే వెళ్లిపోతున్నాయి, పెట్టినవాడికి తెలిసేసరికి పేజీ ఉండటం లేదు.

పోలీసువాళ్లకి ఇంకో రెండు మాటలు. వేరే మనిషిలా నటించి కంప్యూటర్‌తో మోసం చేస్తే ఐటీ చట్టం 66డీ సెక్షన్, మూడేళ్ల దాకా శిక్ష. అందులో "మోసం" అనే మాట దాటేసి "నటించి" దగ్గరే ఆగిపోకండి. ఎవర్ని ఎలా మోసం చేశారో ఎఫ్ఐఆర్‌లో రాయలేకపోతే అక్కడ 66డీ ఎక్కడిది? ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో ఊరికే అరెస్టు చేయొద్దని, ముందు నోటీసు ఇవ్వమని అర్నేశ్ కుమార్ కేసులో 2014లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో, మాట్లాడినందుకూ రాసినందుకూ పెట్టే ఇలాంటి కేసుల్లో ఎఫ్ఐఆర్ కట్టేముందు ప్రాథమిక విచారణ చేయడం మంచిదని కూడా చెప్పింది. ఈ రెండూ పాటించమని మన ఏపీ హైకోర్టు ఆ ఏడు జులైలో మేజిస్ట్రేట్లకి సర్క్యులర్ కూడా ఇచ్చింది. ఆ సర్క్యులర్ కాపీ నేను ప్రింట్ తీసి షాపు గోడకి అతికించాను, జిరాక్స్ కావాలంటే పేజీ రెండు రూపాయలు, మీకు ఉచితం.

ఇంకో పని కూడా ఉంది, ఇది మీకు ఉపయోగం. మా లాంటి నెట్ సెంటర్లవాళ్లకి నకిలీ సైట్లు మీకంటే ముందు కనపడతాయి. దర్శనం టికెట్లు విడుదలైన రోజు సాయంత్రానికి ఏ కొత్త సైట్ పుట్టిందో కస్టమర్ల నోటి నుంచే తెలుస్తుంది. 1930 డబ్బు పోయినవాళ్లకి. పోకముందే చెప్పేవాళ్లకి, కేసు నంబరు అడగకుండా, ఫారం నింపమనకుండా, స్క్రీన్‌షాట్ పంపితే ఆ రోజే చూసే ఒక వాట్సాప్ నంబరు పెట్టండి. దాని మీద మీ మంత్రిగారి ఫొటో వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

డొమైన్ ఇంకా కొనలేదు. చివర డాట్ ఇన్ దొరుకుతోంది, జీఓవీ మాత్రం మీరు ఇవ్వరు కదా. నెలాఖరులోపు మీ నుంచి జవాబు వస్తే అందులో చెప్పిన సెక్షన్లు చూసుకుని ఏం మార్చాలో మారుస్తాను. రాకపోతే కొనేస్తాను, ఈ లేఖని "ప్రభుత్వంతో ఉత్తర ప్రత్యుత్తరాలు" అనే పేజీలో పెట్టి పక్కన "పెండింగ్" అని రాస్తాను. నోటీసు పంపాలనుకుంటే మెయిల్ చేయండి, షాపు పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా తీసే ఉంటుంది, మధ్యలో కరెంటు పోతే తప్ప. ఎవరైనా వస్తే కూర్చోబెట్టి టీ ఇస్తాను, కాకపోతే కాస్త వేచి ఉండాలి, ఆ సమయానికి లైన్లో రైతులుంటే ముందు వాళ్ల అడంగళ్లు తీయాలి.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ యజమాని,
ఇన్‌చార్జి కమిషనర్ (అదనపు బాధ్యతలు), నిరీక్షణ శాఖ